బండి చక్రమునకు గాలి యేల?

పెద్దలారా! పెద్దకొడప్‌గల్ మీదుగా నాందేడునకు పోవు రహదారిపై ట్రాక్టర్లు, లారీలు నడచుట మీరు నిత్యము చూచుచునే యున్నారు. వాని బరువును మోయునది రబ్బరని పలువురు తలంతురు. నిజమునకు ఆ భారములో పెద్దపాలు మోయునది లోపలి గాలియే. రబ్బరు ఆ గాలిని బంధించి యుంచు సంచి వంటిది.

1845లో రాబర్టు విలియం థామ్సన్ అను స్కాట్లండు దేశస్థుడు గాలిచక్రమునకు పేటెంటు పొందెను గాని, అది వాడుకలో నిలువలేదు. 1887లో బెల్‌ఫాస్టు నగరమున జాన్ బాయిడ్ డన్‌లప్ అను పశువైద్యుడు తన కుమారుని మూడుచక్రముల సైకిలునకు గాలి నింపిన రబ్బరు గొట్టములను చుట్టి చూచెను. మరుసటి యేట పేటెంటు పొందెను. నాటినుండి గాలిచక్రము లోకమంతట వ్యాపించినది.

ఇనుప పట్టా చక్రము ఱాతిపై నెక్కినప్పుడు బండియంతయు పైకి లేచి దబ్బున పడును. గాలిచక్రమైనచో ఱాయి తగిలినచోట మాత్రము లోనికి నొక్కుకొనును. నొక్కిన గాలి కుంచించును, విడిచిన మరల విప్పారును. నీటికి ఈ గుణము లేదు. ట్రాక్టరు వెనుకచక్రములలో బరువుకై నీరు పోయువారును కొంత చోటు గాలికి విడుచుట యందుచేతనే.

ఒక లెక్క చూతము. చక్రముపై 400 కిలోల బరువున్నది. గాలి యొత్తిడి చదరపు సెంటీమీటరునకు 2 కిలోలు. అప్పుడు నేలను తాకు భాగము సుమారు 200 చదరపు సెంటీమీటర్లు, అనగా వ్రేళ్లతో గూడ చాచిన చేయియంత. గాలి సగమైనచో ఆ భాగము ఇంచుమించు రెండింతలు కావలెను. తడిసిన నల్లరేగడిలో ఇనుప పట్టా కత్తివలె దిగబడుటయు, వెడల్పయిన టైరు పైపైన నడచుటయు ఈ లెక్క వలననే. ఎడ్లబండ్లకు టైర్లు వచ్చిన పిమ్మట ఎద్దులకు లాగుట తేలికయైనది.

అయితే గాలి తక్కువైన టైరు ప్రాణాంతకము. చక్రము తిరిగిన ప్రతిసారి దాని ప్రక్కలు వంగి వేడెక్కును. మితిమీరిన బరువు, వేసవి యెండ, వేగము తోడైనచో లోపలి పొరలు విడివడి టైరు ప్రేలును. గాలి మితిమించినను కీడే: బండి యెగిరిపడును, టైరు నడుమ అరిగిపోవును, నేలపై పట్టు తగ్గును.

కావున బండి కదలకముందు, టైరు చల్లగా నున్నప్పుడే, కొలతసాధనముతో గాలి చూడవలెను. తయారుచేసినవారు నిర్ణయించిన కొలతయే ప్రమాణము. ప్రయాణమున వేడెక్కి యొత్తిడి పెరుగుట సహజము. అప్పుడు గాలి తీసినచో చల్లారిన పిదప లోటు పడును.

ట్రాలీనిండ కూలివాండ్రు పొలమునకు పోవునప్పుడు, పెండ్లివారు జీపులో బయలుదేరునప్పుడు, "గాలి చూచితివా, నాయనా?" అని తోలువానిని ఒక్కమాట అడుగుడు. పెద్దల మాటను వాడు త్రోసిపుచ్చడు.