సైకిల్ స్ప్రింగు బిడ్డ బరువుకు సరిపోయిందా?

చవక రకం పిల్లల సైకిళ్లకూ ఇప్పుడు వెనుక స్ప్రింగు ఉంటోంది. అది బిడ్డ బరువుకు కుదరకపోతే గతుకుల్లో చక్రం ఎగిరి బండి పట్టు తప్పుతుంది.

ఖాళీ బండి స్ప్రింగు పొడవును స్కేలుతో కొలవండి. బిడ్డను కూర్చోబెట్టి మళ్లీ కొలవండి. కాస్త కుంగాలి. అసలు కుంగకపోతే స్ప్రింగు అంచునున్న మర రింగును ఒక చుట్టు వదులు చేయండి. ప్రతి గుంటలోనూ చివరిదాకా నొక్కుకుపోయి 'టక్'మంటే ఒక చుట్టు బిగించండి. రింగు స్ప్రింగును ముందే కొంత నొక్కి ఉంచుతుందే గానీ దాని గట్టిదనాన్ని మార్చదు. బిగించినా 'టక్'మంటుంటే గట్టి స్ప్రింగు వేయించాల్సిందే. ఇంట్లో మాత్రం విప్పవద్దు; నొక్కుకుని ఉన్న స్ప్రింగు ఎగిరి తగలవచ్చు.

ముందు ఫోర్కు గొట్టాలను వారానికోసారి పొడిగుడ్డతో తుడవండి. కిరోసిన్ వద్దు, రబ్బరు పాడవుతుంది. వెనుక చట్రం కదిలే చోట ఉన్న బోల్టు వదులైందేమో నెలకోసారి పానాతో చూడండి.

టీచర్లకో మాట. హోసూరులోనో బళ్లారిలోనో బరంపురంలోనో మన పిల్లలు ఈ పని గురించి మెకానిక్ షాపులో వేరే భాషలోనే వింటారు. బడి ఆవరణలో ఒక సైకిల్ నిలబెట్టి, పిల్లల్ని వంతులవారీగా కూర్చోబెట్టి, ఎవరి బరువుకు స్ప్రింగు ఎంత కుంగిందో తెలుగులో పట్టిక రాయించండి. 'స్థితిస్థాపకత' అనే మాట ఇక మరిచిపోరు.