పీఎస్‌ఎల్‌వీ తొలి రాకెట్‌ ఎందుకు కూలింది? ఇంజిన్‌ కాదు.. ఓ అంకె హద్దు దాటింది!

శ్రీహరికోట: చంద్రయాన్‌-1, మంగళ్‌యాన్‌ రెండింటినీ మోసుకెళ్లిన పీఎస్‌ఎల్‌వీకి ఇస్రో నమ్మిన బంటు అని పేరు. కానీ దీని తొలి ప్రయోగమే ఫెయిలైంది. 1993 సెప్టెంబర్‌ 20న షార్‌ నుంచి ఎగిరిన పీఎస్‌ఎల్‌వీ-డీ1, ఐఆర్‌ఎస్‌-1ఈ ఉపగ్రహంతో సహా సముద్రం పాలైంది. కారణం వింటే ఆశ్చర్యమేస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో ఓ లెక్క తప్పింది.

అసలేం జరిగిందంటే.. రెండో దశ విడిపోయే సమయంలో రాకెట్‌కు ఊహించనంత పెద్ద కుదుపు వచ్చింది. దాన్ని సరిచేయడం ఆన్‌బోర్డ్‌ కంప్యూటర్‌ పని. కుదుపు పెద్దది కాబట్టి కమాండ్‌ కూడా పెద్దదే కావాలి. అయితే ఆ అంకె, ప్రోగ్రామ్‌లో దానికి ఇచ్చిన గరిష్ఠ పరిమితిని దాటిపోయింది. దీన్నే ఓవర్‌ఫ్లో అంటారు. రాకెట్‌ అదుపు తప్పింది.

పాత స్కూటర్‌ మీటర్‌ గుర్తుందా? 99999 తర్వాత మళ్లీ 00000కి వచ్చేస్తుంది. కంప్యూటర్‌లో ఇంకా ఘోరం. 16 బిట్ల గడిలో 32,767కి ఒకటి కలిపితే మైనస్‌ 32,768 అయిపోవచ్చు. అంటే కుడికి తిప్పమన్న ఆదేశం ఎడమకు మారినట్టే! కుదుపు చిన్నదైతే ఈ తప్పు బయటపడేదే కాదు. ఇలాంటి బగ్‌లతో వచ్చిన తంటా అదే, మామూలు రోజుల్లో కనిపించవు.

రౌండింగ్‌ తప్పులదీ ఇదే దారి. 0.1 అనే అంకెను కంప్యూటర్‌ కచ్చితంగా రాసుకోలేదు, చివర కొంచెం కత్తిరిస్తుంది. 1991 ఫిబ్రవరి 25న సౌదీలోని దహ్రాన్‌లో ఆ కొంచెమే ప్రాణాలు తీసింది. అమెరికా పేట్రియాట్‌ క్షిపణి వ్యవస్థ ఆపకుండా 100 గంటలు నడవడంతో గడియారం 0.34 సెకను తేడా చూపింది. దూసుకొస్తున్న స్కడ్‌ను అది పట్టుకోలేకపోయింది. 28 మంది సైనికులు చనిపోయారు. సరిచేసిన సాఫ్ట్‌వేర్‌ అక్కడికి చేరింది.. మర్నాడు!

మన చేతిలోని మెమరీ కార్డ్‌ ఫార్మాట్‌ చేసే ప్రోగ్రామ్‌కూ ఈ చిక్కు ఉంది. స్థలాన్ని 4,096 బైట్ల బ్లాకులుగా కోస్తుంది అనుకుందాం. 10,000 బైట్లుంటే రెండు నిండు బ్లాకులు వస్తాయి, 1,808 బైట్లు మిగులుతాయి. ఆ మిగులును వదిలేయకుండా పైకి రౌండ్‌ చేసి మూడు అని రాసుకుంటే, మూడో బ్లాకు సగానికి పైగా డిస్క్‌ బయట ఉంటుంది. అక్కడ రాసిన డేటా గల్లంతే. ఫిక్స్‌ చాలాసార్లు ఒక్క లైనే: కిందికి రౌండ్‌ చెయ్‌. ఆ లైను ఎక్కడుందో వెతకడమే కష్టం.

ఓవర్‌ఫ్లోకి సాధారణంగా చేసే మందు వేరు. అంకె హద్దు దాటబోతే తిరగబడకుండా గరిష్ఠ విలువ దగ్గరే ఆపేస్తారు. అసాధారణ కుదుపులు కూడా ఇచ్చి నేల మీదే పరీక్షిస్తారు.

ఇక శ్రీహరికోట సంగతి. లోపాలు సరిదిద్దుకుని ఇస్రో 13 నెలలు తిరగకుండానే మళ్లీ సిద్ధమైంది. 1994 అక్టోబర్‌ 15న పీఎస్‌ఎల్‌వీ-డీ2, ఐఆర్‌ఎస్‌-పీ2ను కక్ష్యలో పెట్టింది.