శాకాహారం

శాకాహారం అనగా ప్రధానంగా మొక్కల నుండి లభించే పదార్థాలతో కూడిన ఆహారం. జంతువుల, పక్షుల, చేపల మాంసమును ఇందులో చేర్చరు. ఇటువంటి ఆహారమును మాత్రమే భుజించేవారిని శాకాహారులు అంటారు. ధాన్యాలు, పప్పులు, కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు, దుంపలు, గింజలు, నూనెలు శాకాహారమన్న విషయంలో ఎవరికీ భేదాభిప్రాయం లేదు. పాలు, గుడ్లు, తేనె వంటి పదార్థాల విషయంలో మాత్రం దేశమును బట్టి, మతమును బట్టి, వ్యక్తిని బట్టి అభిప్రాయాలు మారుతూ ఉంటాయి. భారతదేశంలో పాలు త్రాగి గుడ్డు తిననివారిని శాకాహారులుగా పరిగణిస్తారు. పాశ్చాత్య దేశాలలో గుడ్డు తినేవారు కూడా తమను శాకాహారులుగానే చెప్పుకొంటారు.

పద వివరణ

సంస్కృతంలో శాకము అనగా కూర. ఈ మాటకు ఆకుకూర అనే అర్థం మాత్రమే కాక విస్తృతమైన అర్థం కూడా ఉన్నది. 16వ శతాబ్దానికి చెందిన భావమిశ్రుడు రచించిన భావప్రకాశము అనే ఆయుర్వేద గ్రంథం శాకములను ఆరు విధాలుగా విభజించింది. అవి ఆకులు, పువ్వులు, కాయలు, కాడలు, దుంపలు, సంస్వేదజములు. సంస్వేదజములు అనగా తేమ నుండి పుట్టేవి, అంటే పుట్టగొడుగులు. మన వంటింటి భాషలో చెప్పాలంటే తోటకూర, అరటిపువ్వు, వంకాయ, తోటకూర కాడలు, కంద, పుట్టగొడుగులు వరుసగా ఈ ఆరింటికి ఉదాహరణలు.

తెలుగువారి వాడుకలో మాంసాహారమును నీచు లేదా నీసు అంటారు. చేపలను చమత్కారంగా జలపుష్పాలు అనడం కూడా ఉన్నది. అయితే పేరు మార్చినంత మాత్రాన చేప శాకాహారం కాజాలదు.

ఆంగ్లంలో నేడు వాడే వెజిటేరియన్ అనే పదం 19వ శతాబ్దంలో వ్యాప్తి చెందింది. 1847లో ఇంగ్లాండులోని రామ్స్‌గేట్‌లో వెజిటేరియన్ సొసైటీ ఏర్పడిన తరువాత ఈ పదం స్థిరపడింది. అంతకు పూర్వం ఐరోపాలో మాంసం లేని ఆహారమును, గ్రీకు తత్త్వవేత్త పైథాగరస్ పేరు మీదుగా, పైథాగరస్ ఆహారం అనేవారు.

రకాలు

శాకాహారులలో ముఖ్యంగా ఈ క్రింది రకాలు గలవు.

* క్షీర శాకాహారులు: మొక్కల ఆహారంతో పాటు పాలు, పెరుగు, మజ్జిగ, వెన్న, నెయ్యి తీసుకొంటారు. గుడ్డు తినరు. భారతదేశంలోని శాకాహారులలో అధికులు ఈ వర్గమువారే.
* క్షీరాండ శాకాహారులు: పాలు, గుడ్లు రెండూ తీసుకొంటారు. పాశ్చాత్య దేశాలలో ఈ పద్ధతి ఎక్కువ.
* అండ శాకాహారులు: గుడ్లు తింటారు, పాలు తీసుకోరు. మన దేశంలో గుడ్డు మాత్రమే తిని మాంసం ముట్టనివారిని ఎగ్గిటేరియన్లు అనడం వాడుకలో ఉన్నది.
* వీగన్లు (సంపూర్ణ శాకాహారులు): పాలు, గుడ్లు, తేనెతో సహా జంతు సంబంధమైనది ఏదీ తీసుకోరు. వీరిలో పలువురు తోలు, పట్టు, ఉన్ని వంటి వస్తువులను కూడా వాడరు. 1944లో ఇంగ్లాండులో డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు వీగన్ సొసైటీని స్థాపించారు.
* జైన శాకాహారులు: పాలు తీసుకొంటారు. ఉల్లి, వెల్లుల్లి, బంగాళదుంప, క్యారట్ వంటి భూమిలో పెరిగేవాటిని వర్జిస్తారు. దుంపను పెకలించినపుడు మొక్క అంతా నశించుట, దానిని ఆశ్రయించిన సూక్ష్మజీవులకు హాని కలుగుట ఇందుకు కారణాలు. తేనెను కూడా తీసుకోరు.

మాంసం మాని చేపలు మాత్రం తినేవారు, అప్పుడప్పుడు మాత్రమే మాంసం తినేవారు పై నిర్వచనాల ప్రకారం శాకాహారులు కారు.

సందేహం కలిగించే పదార్థాలు

పాలు

పాలు జంతువు నుండి లభించునవే. అయినను పాల కొరకు జంతువును చంపనవసరం లేదు కనుక భారతీయ సంప్రదాయం వాటిని శాకాహారంగా అంగీకరించింది. పాడి పరిశ్రమలో పశువులను చూచే తీరును ఆక్షేపించే వీగన్లు ఈ వాదమును ఒప్పుకొనరు. మహాత్మాగాంధీ ఆవు, గేదె పాలను త్రాగనని వ్రతం పూనారు. 1918లో తీవ్రంగా జబ్బుపడిన తరువాత మేకపాలు తీసుకొనుటకు అంగీకరించారు. ఇందువలన వ్రతం అక్షరాలా నిలిచినను దాని ఆత్మకు భంగం కలిగినదని ఆయనే తన ఆత్మకథలో బాధపడ్డారు.

గుడ్లు

కోళ్ళఫారాలలో పుంజు లేకుండా పెట్టలు పెట్టే గుడ్లు పొదిగినా పిల్లలు కావు. అందువలన అవి శాకాహారమేనని కొందరి వాదన. అయినను భారతీయ ఆహార చట్టం గుడ్డును, గుడ్డు కలిసిన పదార్థమును మాంసాహారంగానే పరిగణిస్తుంది. ఈ ప్రశ్న కేవలం మాటల చర్చ కాదు. పాఠశాలల మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టాలా వద్దా అన్న విషయమై పలు రాష్ట్రాలలో వివాదాలు జరిగినాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాఠశాలలలో గుడ్డు పెడుతున్నారు. కర్ణాటకలో గుడ్డు తినని పిల్లలకు బదులుగా అరటిపండు గానీ వేరుశనగ చిక్కీ గానీ ఇచ్చే పద్ధతి వచ్చింది. పోషకాల దృష్ట్యా అరటిపండు గుడ్డుకు సమానం కాదు. అందులో మాంసకృత్తులు చాలా తక్కువ, బి12 విటమిన్ లేదు. చిక్కీలో మాంసకృత్తులు ఉన్నను బి12 ఉండదు.

తేనె

తేనె తేనెటీగలు తయారుచేసే పదార్థం. భారతీయ చట్టం దీనిని శాకాహారంలోనే చేర్చింది. జైనులు, వీగన్లు దీనిని వర్జిస్తారు.

పుట్టగొడుగులు, ఈస్ట్, పెరుగు

పుట్టగొడుగులు శిలీంధ్రాలు. ఆధునిక జీవశాస్త్రం ప్రకారం ఇవి మొక్కలు కావు, జంతువులూ కావు. రొట్టె పొంగుటకు వాడే ఈస్ట్ కూడా శిలీంధ్రమే. పెరుగు తోడుకొనుటకు కారణం లాక్టోబాసిల్లస్ వంటి బాక్టీరియా. ఇవన్నీ శాకాహారంగానే చెలామణి అవుతున్నాయి. నీచు వాసనకు దగ్గరగా ఉండుననే కారణంతో పుట్టగొడుగులను ముట్టని కుటుంబాలు తెలుగునాట ఉన్నాయి. అది ఆచారమే గానీ జీవశాస్త్ర నియమం కాదు.

ఉల్లి, వెల్లుల్లి

ఇవి నిస్సందేహంగా మొక్కలే. అయినను రాజస, తామస గుణాలను కలిగించునని భావించి కొందరు వైష్ణవులు, జైనులు, యతులు వీటిని తినరు. పూజలకు, పితృకార్యాలకు చేసే వంటలో వీటిని వాడరు. అనగా శాకాహారమైన ప్రతి పదార్థమూ సాత్వికాహారం కాదు.

చీజ్

పన్నీరును నిమ్మరసం వంటి పులుపుతో పాలను విరగగొట్టి చేస్తారు కనుక చిక్కు లేదు. కొన్ని రకాల చీజ్‌లను మాత్రం రెనెట్ అనే పదార్థంతో గడ్డకట్టిస్తారు. సంప్రదాయ రెనెట్‌ను పాలు త్రాగే లేగదూడల ఉదరం నుండి తీస్తారు. ఇటలీకి చెందిన పార్మిజానో రెజ్జానో చీజ్‌కు దూడ రెనెట్ తప్పనిసరి. సూక్ష్మజీవుల సహాయంతో తయారుచేసిన కైమోసిన్ అనే ఎంజైమును 1990లో అమెరికా అనుమతించింది. అప్పటినుండి చాలా చీజ్‌లలో దానినే వాడుతున్నారు.

జిలాటిన్

జంతువుల చర్మము, ఎముకల నుండి తీసే జిగురు పదార్థం జిలాటిన్. జెల్లీలు, మార్ష్‌మాలోలు, మందుల గొట్టాలలో (క్యాప్సూల్స్) ఇది ఉంటుంది. దీనికి బదులుగా సముద్రపు నాచు నుండి లభించే అగర్‌అగర్‌ను, పండ్లనుండి లభించే పెక్టిన్‌ను వాడవచ్చు. మొక్కల పీచుతో చేసిన క్యాప్సూల్స్ కూడా దొరుకుతున్నాయి.

రంగులు, పూతలు

కార్మైన్ (ఐ.ఎన్.ఎస్. 120) అనే ఎర్రరంగును కోచినీల్ అనే పురుగులను ఎండబెట్టి తీస్తారు. మిఠాయిలకు మెరుపునిచ్చే షెల్లాక్ (ఐ.ఎన్.ఎస్. 904) లక్క పురుగులు స్రవించే పదార్థం. మొదటిది మాంసాహారంగాను, రెండవది శాకాహారంగాను మన చట్టంలో లెక్కకు వస్తాయి. మిఠాయిలపై అంటించే వెండిరేకును పూర్వం పశువుల ప్రేగుల పొరల మధ్య పెట్టి సాగగొట్టేవారు. జంతు సంబంధమైన పదార్థాలను వెండిరేకు తయారీలో వాడరాదని 2016లో నిబంధన చేశారు. ఐ.ఎన్.ఎస్. 471 వంటి కొన్ని పదార్థాలు మొక్కల నూనెతోనూ, జంతువుల కొవ్వుతోనూ తయారు కాగలవు. కావున అంకెను చూచి మాత్రమే నిర్ణయించుట సాధ్యం కాదు, పొట్లంపై గల గుర్తును చూడవలెను.

చట్టం, గుర్తులు

భారతదేశంలో పొట్లాలలో అమ్మే ఆహారంపై శాకాహార, మాంసాహార గుర్తులు ముద్రించే నిబంధన 2001లో మొదలైంది. ప్రస్తుతం 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం క్రింద ఇది అమలులో ఉన్నది. ఆకుపచ్చ చదరంలో ఆకుపచ్చ చుక్క శాకాహారానికి గుర్తు. మాంసాహారానికి మొదట గోధుమరంగు చదరంలో అదే రంగు చుక్క ఉండేది. రంగులను వేరుచేసి గుర్తించలేనివారికి ఈ రెండు గుర్తులూ ఒకేలా కనిపించేవి. అందువలన 2020 నాటి నిబంధనలలో మాంసాహార గుర్తును చుక్కకు బదులు త్రికోణంగా మార్చారు.

ఈ నిబంధనల ప్రకారం జంతువులు, పక్షులు, కీటకాలు, జలచరాలు, గుడ్లు, లేదా వాటినుండి వచ్చినది ఏదైనా ఉన్న ఆహారం మాంసాహారం. పాలు, పాల ఉత్పత్తులు, తేనె, తేనెమైనం, షెల్లాక్ దీనికి మినహాయింపులు. వీగన్ ఆహారానికి 2022లో వేరుగా నిబంధనలు వచ్చాయి.

చరిత్ర

జైన, బౌద్ధ మతాల అహింసా బోధ, తరువాతి కాలంలో వైష్ణవ, వీరశైవ ఉద్యమాలు భారతదేశంలో శాకాహారం వ్యాపించుటకు తోడ్పడ్డాయి. క్రీ.పూ. 3వ శతాబ్దంలో అశోకుడు తన మొదటి శిలాశాసనంలో, రాజు వంటశాలలో పూర్వం ప్రతిదినం లక్షలాది ప్రాణులను వధించేవారని, ఇప్పుడు రెండు నెమళ్ళను, ఒక లేడిని మాత్రమే వధిస్తున్నారని, ఇకపై అవి కూడా ఉండవని ప్రకటించాడు. ఈ శాసన పాఠం కర్నూలు జిల్లాలోని ఎర్రగుడి వద్ద బండలపై కూడా చెక్కబడి ఉన్నది. మాంసం మానుట ఒక్కసారిగా కాక మెల్లమెల్లగా జరిగినదని ఈ శాసనం తెలుపుతున్నది.

1888లో చదువుకొరకు లండన్ వెళ్ళిన గాంధీ, తల్లికి ఇచ్చిన మాటవలన మాంసం ముట్టలేదు. అక్కడ హెన్రీ సాల్ట్ రచనను చదివిన తరువాత తన సొంత నిర్ణయంతో శాకాహారి అయ్యారు. లండన్ వెజిటేరియన్ సొసైటీ కార్యవర్గ సభ్యులుగా కూడా పనిచేశారు.

తెలుగునాట శాకాహారం

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో శాకాహారుల సంఖ్య స్వల్పం. 2014 నాటి నమూనా నమోదు సర్వేలో ఈ రెండు రాష్ట్రాలలోను 15 ఏళ్ళు దాటినవారిలో సుమారు 98 శాతానికి పైగా మాంసాహారులని తేలింది. రాజస్థాన్‌లో నలుగురిలో దాదాపు ముగ్గురు శాకాహారులు. బ్రాహ్మణులు, ఆర్యవైశ్యులు, లింగాయతులు, జైనులు తెలుగునాట సంప్రదాయంగా శాకాహారులు.

అయితే మాంసాహారుల ఇళ్ళలో కూడా నిత్యభోజనం అధికభాగం శాకాహారమే. పప్పు, కూర, పచ్చడి, పులుసు లేదా చారు, మజ్జిగ సామాన్యమైన తెలుగు భోజనం. కార్తీకమాసంలోను, అయ్యప్ప దీక్షలోను, వారంలో తమ ఇలవేల్పుకు ప్రీతికరమైన రోజునను చాలామంది నీచు మానివేస్తారు. యతులు, నియమపరులు చేసే చాతుర్మాస్య వ్రతంలో శాకాహారమునకు కూడా పరిమితులున్నాయి. మొదటి నెలలో కూరలు, రెండవ నెలలో పెరుగు, మూడవ నెలలో పాలు, నాలుగవ నెలలో పప్పుధాన్యాలు వర్జిస్తారు.

పోషక విలువలు

మాంసం మానినవారు ఆ మాంసంలోని పోషకాలను వేరొకచోట నుండి పొందవలెను. 100 గ్రాములలో ఉండే మాంసకృత్తులు సుమారుగా ఈ విధంగా ఉంటాయి.

* సోయా చిక్కుడు: 36 గ్రాములు
* పెసరపప్పు: 24 గ్రాములు
* వేరుశనగ: 24 గ్రాములు
* కందిపప్పు: 22 గ్రాములు
* బియ్యం: 7 నుండి 8 గ్రాములు
* రాగులు: 7 గ్రాములు
* గేదెపాలు: 4 గ్రాములు

బియ్యంలో లైసిన్ అనే ఎమైనో ఆమ్లం తక్కువ, పప్పులలో మిథియోనిన్ తక్కువ. రెండూ కలిపి తిన్నపుడు ఒకదాని లోటును మరొకటి తీర్చును. పప్పన్నం, ఇడ్లీ, పులగం ఇటువంటి కలయికలే. రాగులలో 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నది. నువ్వులు, మునగాకు కూడా మంచి కాల్షియం వనరులు. ఆకుకూరలలోని ఇనుమును శరీరం కొద్దిగానే గ్రహిస్తుంది. నిమ్మ, ఉసిరి వంటి సి విటమిన్ గల పదార్థాలు దీనిని పెంచుతాయి. భోజనంతో పాటు త్రాగే టీ, కాఫీలు తగ్గిస్తాయి.

బి12 విటమిన్

శాకాహారులు ముఖ్యంగా శ్రద్ధ వహించవలసిన విషయం ఇది. బి12 విటమినును బాక్టీరియా తయారుచేస్తాయి. మొక్కల ఆహారంలో దీనికి నమ్మదగిన వనరు లేదు. పెద్దలకు రోజుకు కావలసినది 2 నుండి 2.5 మైక్రోగ్రాములు మాత్రమే. పాలు, పెరుగు తగినంత తీసుకొనేవారికి కొంత లభించును. పలుచని మజ్జిగతో సరిపెట్టుకొనేవారికి, వీగన్లకు చాలదు. ఇడ్లీ పిండి పులియుట వలన గానీ, స్పిరులినా వలన గానీ బి12 లభించునని నమ్మి ఊరుకొనరాదు.

కాలేయంలోని నిల్వల వలన ఈ లోపం కొన్ని సంవత్సరాల వరకు బయటపడదు. నీరసం, రక్తహీనత, కాళ్ళుచేతుల తిమ్మిర్లు, మతిమరపు దీని లక్షణాలు. ఆకుకూరలలో సమృద్ధిగా ఉండే ఫోలేట్ రక్తహీనతను కప్పిపుచ్చగలదు. అప్పుడు నరాలకు కలిగే హాని లోలోపల కొనసాగును. వృద్ధులలో ఈ తిమ్మిర్లను, మతిమరపును ముసలితనం క్రింద జమకట్టి వదిలివేసే ప్రమాదం ఉన్నది. బి12 లోపం గల తల్లుల పాలు త్రాగే శిశువులకు కూడా లోపం కలుగును. వైద్యుని సలహాపై రక్తపరీక్ష చేయించుకొని మాత్రలు వాడుట సులభమైన పరిష్కారం. ఈ మాత్రలలోని బి12ను సూక్ష్మజీవుల నుండి తయారుచేస్తారు కనుక శాకాహారులకు అభ్యంతరం ఉండనవసరం లేదు. మాత్ర పైపూత, క్యాప్సూల్ గొట్టం మాత్రం చూచుకొనవలెను.

ఇవి కూడా చూడండి

* మాంసాహారం
* పోషకాహారం
* బి12 విటమిన్
* అహింస
* ఆకుకూరలు
* పప్పుధాన్యాలు