నక్షత్రాలు చూసి ఏ.సి. కొనవచ్చునా?

చెన్నైలో మా వాటా పై అంతస్తు. ఎండాకాలం అర్ధరాత్రయినా కప్పు సెగలు కక్కుతూనే ఉంటుంది. ఎనభై దాటిన అత్తగారికి నిద్ర కరువై, ఏ.సి. కొనక తప్పలేదు.

అంగట్లో కుర్రవాడిది "ఫైవ్ స్టార్ అమ్మా" అని ఒకటే పాట. కాని నక్షత్రాల కొలతను అప్పుడప్పుడు కఠినం చేస్తారు. 2022 జూలైలో అలా మార్చితే అయిదు నక్షత్రాల యంత్రాలు నాలుగుకు దిగాయి! అందుకని నేను లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో చూశాను. అది 1600 గంటల వాడకానికి వేసిన లెక్క. రోజుకు పది గంటలు, అయిదు నెలలు అనుకుంటే మాకు 1500, దాదాపు సరిపోయింది. రెండు మోడళ్ళ తేడా యూనిట్లను కరెంటు రేటుతో హెచ్చవేస్తే, అదనపు ధర ఎన్నేళ్ళకు తిరిగి వస్తుందో తేలిపోతుంది. తమిళనాట రెండు నెలల బిల్లులో వాడకం పెరిగేకొద్దీ రేటూ పెరుగుతుంది కనుక పై శ్లాబు రేటే వెయ్యాలి.

టన్ను అంటే బరువు కాదు, గంటకు 12,000 బి.టి.యు. వేడిని లాగే శక్తి. చిన్న గదే అయినా కప్పుకు నేరుగా ఎండ కనుక ఒకటిన్నర టన్ను తీసుకున్నాం. ఉప్పుగాలి ఊరు కదా, రాగి గొట్టాలదే ఎంచాం. చిల్లిపడినా అతకడం తేలిక.

బిగించేవాళ్ళు బయటి పెట్టెను పడమటి గోడకు పెట్టబోతే అత్తగారే ఉత్తరపు గోడ చూపించారు. కారే నీళ్ళు బకెట్లో పట్టి గచ్చు కడుగుతున్నాం.