కోఠీ దర్బారు మందిరము

హైదరాబాదులో, మూసీకి ఉత్తరమున, కోఠీ మహిళా కళాశాలగా ప్రసిద్ధమైన విద్యాలయపు ఆవరణలో ఒక దర్బారు మందిరము కలదు. అది విద్యార్థినుల సభలకై కట్టినది కాదు. ఈస్టిండియా కంపెనీ రెసిడెంటు జేమ్స్ అకిలిస్ కర్క్‌పాట్రిక్ కోరికపై, లెఫ్టినెంటు శామ్యూల్ రస్సెల్ రూపకల్పనలో, 19వ శతాబ్ది తొలి సంవత్సరములలో వెలసిన రెసిడెన్సీ భవనములోని భాగమది. ఎత్తైన కొరింథియన్ స్తంభములు, విశాలమైన సోపానములు, వాకిట సింహములు కంపెనీ అధికారమును చాటుటకు ఏర్పడినవి.

కర్క్‌పాట్రిక్ పత్ని ఖైరున్నీసా తోటలోని రంగమహలులో ఘోషాయందుండెడిది. భవనపు ముఖభాగమును ఆమె చూడజాలదు గనుక, భర్త దాని చిన్న నమూనాను అచట కట్టించెనని ఐతిహ్యము. రంగమహలు 1860లో కూల్చబడినది, నమూనా మిగిలినది. అంతకు ముందే, 1857 జూలై 17న, తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలాఉద్దీన్‌ల నాయకత్వమున రెసిడెన్సీపై దాడి జరిగెను. వారు ఫిరంగుల ధాటికి వెనుదిరుగవలసివచ్చెను.

1924లో స్థాపితమైన మహిళా కళాశాల 1949లో ఈ భవనమునకు తరలివచ్చెను. ఒక స్త్రీకి కంటబడని ముఖద్వారము నుండియే తరతరముల స్త్రీలు లోనికి నడచిరి. 2002లో ప్రపంచ స్మారకనిధి దీనిని ప్రమాదమందున్న కట్టడములలో చేర్చెను. పిమ్మట పునరుద్ధరణ సాగినది. 2022లో కళాశాల విశ్వవిద్యాలయమైనది.

గోడలకు సున్నము చాలును, స్మృతికి చాలదు. కట్టించినవారి పేళ్లు చరిత్రగ్రంథములలో కలవు. ఆ మెట్లెక్కిన తొలితరము విద్యార్థినుల అనుభవములు వ్రాసినగాని నిలువవు. ఆ వ్రాత మన రచయితల బాధ్యత.