గ్రాండ్‌మాస్టర్ హరికృష్ణ: బోర్డు ముందూ, బోర్డు వెనకా
(రేడియో ప్రసంగానికి అక్షర రూపం)



శనివారం పొద్దున్నే పులిహోర డబ్బా కట్టుకుని పిల్లల్ని చెస్ టోర్నమెంట్లకి తిప్పే తల్లిదండ్రుల్లో నేనూ ఒకణ్ణి. పోయిన నెల మా అమ్మాయి వరసగా మూడు ఆటలు ఓడిపోయింది. తిరిగొస్తుంటే కార్లో, "నాన్నా, నేను గ్రాండ్‌మాస్టర్ని కాకపోతే ఇదంతా దండగేనా?" అని అడిగింది. వెంటనే జవాబు తోచలేదు. ఇంటికొచ్చాక మన గుంటూరు అబ్బాయి పెంటేల హరికృష్ణ గురించి చెప్పాను. మీకూ అదే చెబుతాను.

ముందు బిరుదు సంగతి. గ్రాండ్‌మాస్టర్ కావాలంటే 2500 రేటింగు అందుకోవాలి. దానితో పాటు గట్టి అంతర్జాతీయ పోటీల్లో 2600 స్థాయి ఆట ఆడి, మామూలుగా మూడు నార్మ్‌లు సంపాదించాలి. బిరుదు మన డిగ్రీ లాంటిది, ఒకసారి వస్తే జీవితాంతం ఉంటుంది. రేటింగు అలా కాదు, ఆడినప్పుడల్లా పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. ఈ లెక్క పుట్టింది అమెరికాలోనే. మిల్వాకీలో ఫిజిక్స్ ప్రొఫెసరుగా పనిచేసిన అర్పాద్ ఎలో తయారుచేస్తే, ఇక్కడి చెస్ సమాఖ్య 1960లోనూ, ప్రపంచ సమాఖ్య ఫిడే 1970లోనూ తీసుకున్నాయి.

హరికృష్ణ 1986లో పుట్టాడు. 2001లో, పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. అప్పటికి మన దేశంలో అంత చిన్నవయసులో ఆ బిరుదు ఎవరికీ రాలేదు. 2004లో కొచ్చిలో ప్రపంచ జూనియర్ ఛాంపియన్, 2011లో ఆసియా ఛాంపియన్. 2016 చివర్లో రేటింగు 2770 దాకా వెళ్ళింది, ప్రపంచంలో పదో స్థానం దక్కింది. ప్రపంచ ఛాంపియన్ కిరీటం మాత్రం రాలేదు.

కథ అక్కడితో అయిపోలేదు. 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో, చెన్నైలోని తెలుగు కుటుంబంలో పుట్టిన గుకేశ్, డింగ్ లిరెన్‌ని 7.5-6.5 తేడాతో ఓడించి పద్దెనిమిదేళ్ళకే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. గెలిచాకే తన సహాయకుల పేర్లు బయటపెట్టాడు. అందులో హరికృష్ణ ఒకడు.

ఇలాంటివాళ్ళని చెస్‌లో సెకండ్లు అంటారు. ప్రత్యర్థి పాత ఆటలు తిరగేసి, ఏ ఎత్తుకి ఏం ఆడాలో కంప్యూటర్‌తో సరిచూసి, ఆటగాడికి అందించడం వాళ్ళ పని. బోర్డు ముందు మాత్రం ఆటగాడొక్కడే కూర్చుంటాడు. వీళ్ళ పేరు ముందే తెలిస్తే, ఎలాంటి ఆరంభాలు రాబోతున్నాయో అవతలివాళ్ళు ఊహించగలరు. అందుకే ఆ గోప్యత. మనలాంటి కన్సల్టెంట్లకిది అర్థంకాని విషయమేం కాదు. పని మనది, ప్రాజెక్టు మీద పేరు క్లయింటుది!

అలాగని హరికృష్ణ ఆట మానేసి గురువు అవలేదు. అదే ఏడాది సెప్టెంబరులో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో స్వర్ణం గెలిచిన భారత జట్టులో గుకేశ్‌తో పాటు తనూ ఉన్నాడు. అప్పటికి వయసు 38.

అంతా విని మా అమ్మాయి, "అయితే ఆయన గెలిచినట్టా, ఓడినట్టా?" అంది. "ఇరవై ఏళ్ళకి పైగా నేర్చుకున్నది ఇంకొకళ్ళకి పనికొచ్చిందమ్మా, అది దండగెలా అవుతుంది?" అన్నాను. కాసేపు ఊరుకుంది. తర్వాత తమ్ముణ్ణి పిలిచి గుర్రం ఎలా నడుస్తుందో చూపించడం మొదలుపెట్టింది.

టోర్నమెంటు నుంచి వస్తూ మీ పిల్లల్ని "ఎన్ని పాయింట్లు?" అని అడిగే ముందు, "ఇవాళ ఏం నేర్చుకున్నావు?" అని అడిగి చూడండి. నేనూ ఇప్పుడిప్పుడే అలవాటు చేసుకుంటున్నాను.

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం. సెలవు.