ఆటోక్రాసు బండికి ఊపిరి



జీవితమంతయు బాలురకు వ్యాకరణము చెప్పిన నాబోటివాడు మోటారుబండ్లను గూర్చి ప్రసంగింప బూనుట మీకు వింతగా తోపవచ్చును. నా పూర్వశిష్యుడొకడు అమెరికాలో నుద్యోగము చేయుచు, సెలవుదినములలో ఆటోక్రాసు పందెములకు బోవుచున్నాడు. తన చిన్నబండికి బలము హెచ్చింపదలచి, సూపర్‌చార్జరు కొనవలయునా, టర్బోచార్జరు కొనవలయునా యని నాకు వ్రాసెను. సంశయము కలిగినప్పుడు గురువు నడుగు నలవాటు వాని కింకను పోలేదు. వాడు కూడబెట్టిన సొమ్ము ఒక్కదానికే చాలును. ఎంపిక చెడినచో మరల కొనుటకు వీలు లేదు. కావున నేనును గ్రంథములు తిరుగవేసి, తెలిసిన మెకానిక్కుల నడిగి, వానికి వ్రాసిన విషయమునే నేడు మీకు విన్నవించుచున్నాను.

ఆటోక్రాసనగా ఇంగ్లండులో పచ్చికబయళ్లమీదను మట్టినేలమీదను జరుగు పందెము. నేను చెప్పునది అమెరికా పద్ధతి. అచ్చట బండ్లు నిలుపు విశాలస్థలమునందో, విమానముల రన్‌వేమీదనో రబ్బరు కోనులు నిలిపి, మెలికలు తిరిగిన త్రోవ నేర్పరచుదురు. బండ్లు ఒకదానివెంట నొకటి తరుముకొనవు. ఒక్కొక్కటియే గడియారముతో పోటీపడును. పరుగు సుమారొక నిమిషము. పెక్కు బండ్లు రెండవ గేరులోనే దాదాపు త్రోవయంతయు ముగించును. స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికావారి నియమము ననుసరించి, కూల్చిన ప్రతి కోనునకును 2 సెకండ్లు కాలమునకు చేర్తురు. సెకండులో వెయ్యవవంతులు లెక్కించుచోట నిది యెంత శిక్షయో యూహింపుడు.

ఇంక యంత్రముల సంగతి. కొలిమిలో బొగ్గెంత పోసినను తిత్తి యూదనిదే ఇనుము కాగదు. ఇంజను విషయమును నంతే. గాలి హెచ్చుగా చేరినగాని పెట్రోలు హెచ్చుగా మండదు. సముద్రమట్టమున గాలి చదరపుటంగుళమునకు 14.7 పౌన్ల యొత్తిడితో నుండును. మరి 7 పౌన్లు అదనముగా నొత్తినచో ఇంజనులోనికి సుమారు సగము గాలి యెక్కువ పోవలయును. నొక్కుడుచే గాలి వేడెక్కి పలుచనగుటవలన లాభము కొంత తగ్గును. ఈ రెండు యంత్రములును తిత్తులే. తిత్తి నెవరు త్రొక్కుచున్నా రనునదే భేదము.

సూపర్‌చార్జరును ఇంజనే బెల్టుద్వారా త్రిప్పును. వీనిలో పాతది రూట్స్ జాతి. అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున రూట్స్ సోదరులు 1860లో దీనికి పేటెంటు పొందిరి. అప్పటి కది మోటారుకొరకు కాదు. తరువాత కొలుములకును గనులకును గాలి నూదినది. చెరకుగానుగ రోళ్లవలె నెదురెదురుగా తిరుగు రెండు తమ్మెలు గాలిని పట్టి ముందునకు త్రోయును. ఇంజను ఒక చుట్టు తిరిగిన దీనికి నియతమైన చుట్లు. తక్కువ వేగమునందును గాలి సిద్ధముగా నుండును. అయితే ఈ సేవకు ఇంజను తన బలమునుండియే కూలి చెల్లింపవలయును. పైగా నీ జాతి గాలిని మిక్కిలి వేడిచేయును.

టర్బోచార్జరు నడిపించునది బయటికి పోవు పొగ. స్విట్జర్లండువాడగు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి 1905లో దీనికి పేటెంటు పొందెను. వృథాగా పోవు వేడిపొగ చిన్న చక్రమును నిమిషమునకు లక్షకు మించిన చుట్లు త్రిప్పును. ఆ యిరుసునకే బిగించిన మరియొక చక్రము గాలి నూదును. పారవేయుదానితో పని చేయించుకొను ఈ యుపాయము నాకు మిక్కిలి నచ్చినది. పొడుగాటి రోడ్డుమీద సాగిపోవుటకైతే మారుమాట లేక దీనినే కోరుకొందును. ఆటోక్రాసులో మాత్రము దీని కొక లోపమున్నది. మలుపులో చోదకుడు పెడలుమీదినుండి కాలు తీయును, పొగ సన్నగిల్లును, చక్రము మందగించును. మరల కాలుమోపిన తక్షణమే గాలి రాదు. పొగ పెరిగి చక్రము వేగమందుకొను దాక నిరీక్షింపవలయును. అంతట బలము ఒక్కుమ్మడిగా వచ్చిపడును. అప్పటికి బండి తరువాతి మలుపులో నుండును! వెనుకచక్రములు జారి, ప్రక్కనున్న కోను కూలును.

శిష్యునిది 1989లో వెలువడిన జాతి మాజ్దా మియాటా. ఇంజను 1.6 లీటర్లు, బరువు సుమారు 1000 కిలోగ్రాములు, త్రోపు వెనుకచక్రములకు. ఇట్టి తేలికబండికి గరిష్ఠబలముకంటె కాలి నాజ్ఞను తక్షణము శిరసావహించు బలమే యక్కరకు వచ్చును. అందుచేత రూట్స్ జాతి సూపర్‌చార్జరును కొనుమని వ్రాసితిని. సూపర్‌చార్జరను పేరుగల ప్రతిదియు పనికిరాదని హెచ్చరించితిని. సెంట్రిఫ్యూగల్ అను జాతియు బెల్టుతోనే తిరుగును. కాని దాని యొత్తిడి వేగముయొక్క వర్గము ననుసరించి పెరుగును. వేగము సగమైన నొత్తిడి నాలుగవవంతే. అది ఆటోక్రాసునకు టర్బోకంటె నేమంత మేలు కాదు.

టర్బో పక్షమునను న్యాయమున్నది. చక్రము చిన్నదైన కొలది త్వరగా మేల్కొనును. నేటి చిన్న టర్బోలలో నిరీక్షణము చాల తగ్గినది. నాలుగుచక్రముల త్రోపుతో, టర్బోతోనే కర్మాగారమునుండి వచ్చిన సుబారు డబ్ల్యుఆర్ఎక్స్ వంటి బండియున్నవాడు దానిని తీసి వేరొకటి పెట్టుట డబ్బు దండుగ. రెండింటిని కూర్చినవారును లేకపోలేదు. 1985లో లాన్చియావారు తమ డెల్టా ఎస్4 ర్యాలీబండిలో తక్కువ వేగమునకు సూపర్‌చార్జరును, ఎక్కువ వేగమునకు టర్బోను అమర్చిరి. గృహస్థుల కది యందని పండు.

కొనువాడు మొదట చేయవలసిన పని యొకటి కలదు. తన బండి నున్నదున్నట్లుగా పందెమునకు గొనిపోయి, రెండవ గేరులో, మిక్కిలి మందమైన మలుపునుండి వెలువడునప్పుడు ఇంజను ఎన్ని చుట్లు తిరుగుచున్నదో ముల్లు చూచి వ్రాసికొనవలయును. ఆ సంఖ్య 3000 అయినచో, అమ్మువాడు చూపు పటమునందు 3000 యొద్ద గీత యెంతయెత్తున నున్నదో యడుగవలయును. 7000 యొద్దనున్న శిఖరమును అతడు తానే చూపును. ఆపైన నియమావళి చూడవలయును. కర్మాగారమున లేని తిత్తిని తగిలించిన బండికి స్ట్రీట్ తరగతిలో చోటు లేదు; ఎక్కువ మార్పులు చేసిన బండ్లతో తలపడవలసివచ్చును, వారి టైర్లును వెడల్పైనవే.